కొనేవారు లేని ప్లాస్టిక్ సముద్రానికి చేరుతోంది

హైదరాబాదు సముద్రానికి చాలా దూరం. అయినా అక్కడి మురుగు కాలువలో పడిన షాంపూ సాచెట్‌కు బంగాళాఖాతం దాకా దారి ఉంది. అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీ నగరం మధ్య నుంచి పారి వాడపల్లి వద్ద కృష్ణలో కలుస్తుంది. కృష్ణ పులిచింతల ప్రాజెక్టునూ, ప్రకాశం బ్యారేజీనీ దాటి హంసలదీవి దగ్గర సముద్రాన్ని చేరుతుంది. ఈ దారిలో కొట్టుకొచ్చే చెత్తలో చాలా భాగం ఒడ్డున చిక్కుకుంటుంది, బురదలో కూరుకుపోతుంది. వరద వచ్చి గేట్లు ఎత్తినప్పుడు కొంత ముందుకు సాగిపోతుంది. ప్రపంచ నదులు సముద్రాల్లోకి మోసుకుపోయే ప్లాస్టిక్‌లో 80 శాతం వెయ్యికి పైగా నదుల నుంచి వస్తోందని 2021లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా వేసింది. అందులో పెద్ద పెద్ద నదుల కన్నా నగరాల గుండా పారే చిన్న నదుల పాత్రే ఎక్కువని తేలింది. కాబట్టి సముద్రాన్ని కాపాడే చట్టమంటే, ముందుగా ఊరి చెత్తను పట్టించుకునే చట్టం.

ఊరి చెత్తలో ఏది మిగిలిపోతుందో గమనించండి. తాగి పారేసిన నీళ్ల సీసా రోడ్డు మీద ఎక్కువసేపు ఉండదు. చెత్త ఏరుకునేవారు దాన్ని తీసుకుపోయి పాత సామాన్ల దుకాణంలో అమ్ముతారు. అది ముక్కలై, కరిగి, పాలిస్టర్ దారంగా మారుతుంది. దాని పక్కనే పడిన చిప్స్ ప్యాకెట్‌ను మాత్రం ఎవరూ ముట్టుకోరు. గాలి, తేమ లోపలికి పోకుండా అందులో రెండు మూడు రకాల ప్లాస్టిక్‌నూ, సన్నటి అల్యూమినియం పూతనూ పొరలు పొరలుగా అతికిస్తారు. ఒక్కో పొర ఒక్కో ఉష్ణోగ్రత దగ్గర కరుగుతుంది. ఆ పొరలను విడదీసే ఖర్చు, వాటిలోంచి వచ్చే సరుకు విలువను మించిపోతుంది. అందుకే దానికి ధర లేదు. ధర లేనిది అక్కడే పడి ఉంటుంది, వాన పడ్డాక కాలువలోకి కొట్టుకుపోతుంది. ఎండకూ అలల తాకిడికీ పెళుసెక్కి అయిదు మిల్లీమీటర్ల కన్నా చిన్న ముక్కలుగా విరిగిపోయాక, దాన్ని వెనక్కి తీసే మార్గం లేదు.

మన దేశపు ప్లాస్టిక్ వ్యర్థాల నిర్వహణ నిబంధనలు 2016లో వచ్చాయి. వాటిలో నాకు నచ్చిన భాగం క్యారీ బ్యాగు మందం గురించినది. కనీసం 50 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఉండాలన్న నియమాన్ని 2021 సెప్టెంబరు 30 నుంచి 75కు, 2022 డిసెంబరు 31 నుంచి 120కి పెంచారు. ప్లాస్టిక్‌ను తగ్గించాలంటూ మందం పెంచడం ఏమిటని చాలామంది అడుగుతారు. లెక్క వేసి చూస్తే సంగతి తెలుస్తుంది. 30 సెంటీమీటర్ల వెడల్పు, 40 సెంటీమీటర్ల పొడవు ఉన్న సంచి 20 మైక్రాన్ల మందంతో చేస్తే నాలుగున్నర గ్రాములు తూగుతుంది. కిలో కావాలంటే రెండు వందలకు పైగా ఏరాలి. అదే 120 మైక్రాన్లయితే నలభై లోపే చాలు. ఏరేవారికి కూలి గిట్టుతుంది, దుకాణదారుడు ఉచితంగా ఇవ్వడానికి వెనకాడతాడు, ఇంటికి తెచ్చుకున్నవారు మళ్లీ వాడతారు. అమలు ఎలా ఉందో ఏ కూరగాయల బజారుకు వెళ్లినా కనిపిస్తుంది. అయినా ఈ ఆలోచన సరైనదే.

ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులపై 2022 జులై 1న వచ్చిన నిషేధం ఇంత లోతుకు వెళ్లలేదు. స్ట్రాలు, ప్లాస్టిక్ పుల్లల ఇయర్ బడ్స్, బుడగల పుల్లలు, పళ్లేలు, కప్పులు, చెంచాలు, మిఠాయి డబ్బాలకు చుట్టే పొర, 100 మైక్రాన్లలోపు పీవీసీ బ్యానర్లు దాని జాబితాలో ఉన్నాయి. షాంపూ సాచెట్లు, చిప్స్ ప్యాకెట్లు లేవు.

వీటిని వదిలేసిన తీరు చూస్తే బాధ కలుగుతుంది. రీసైకిల్ చేయలేని బహుళ పొరల ప్లాస్టిక్‌ను రెండేళ్లలో దశలవారీగా ఆపేయాలని 2016 నిబంధనలు స్పష్టంగా చెప్పాయి. గడువు పూర్తవుతుండగా, 2018లో ఆ వాక్యాన్ని సవరించారు. రీసైకిల్ కానిది, లేదా ఇంధనంగా పనికిరానిది, లేదా మరో ఉపయోగం లేనిది అయితేనే ఆపాలన్నారు. అంటే కాల్చి ఇంధనంగా వాడగలిగితే చాలు, ఆపక్కర్లేదని అర్థం చేసుకున్నారు. దాదాపు ఏ ప్లాస్టిక్ అయినా మండుతుంది కాబట్టి, కొత్తగా చేర్చిన ఈ మాటలతో ఆ నియమానికి అర్థం లేకుండా పోయింది. సిమెంటు బట్టీలో కాలిన సాచెట్ సముద్రానికి చేరదన్నది నిజమే. కృష్ణా తీరంలోనే జగ్గయ్యపేట, మేళ్లచెరువు ప్రాంతాల్లో సిమెంటు కర్మాగారాలు ఉన్నాయి కూడా. కానీ ఒక్కొక్కటి గ్రాము కూడా తూగని సాచెట్లను వీధుల్లోంచి ఏరి బట్టీ దాకా చేర్చేది ఎవరు, ఏ కూలికి?

ఆ ఖర్చును తయారీదారులే భరించాలని 2022 ఫిబ్రవరి మార్గదర్శకాలు చెబుతున్నాయి. ప్యాకింగ్ రూపంలో ఎంత ప్లాస్టిక్‌ను బజారులోకి వదిలారో, దానికి తగ్గట్టు సేకరించి రీసైకిల్ చేయించినట్టు సర్టిఫికెట్లు చూపాలి. ఆలోచన న్యాయమైనది. మరుసటి ఏడాదే కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి తనిఖీల్లో, కొన్ని రీసైక్లింగ్ సంస్థలు చేయని పనికి లక్షల్లో నకిలీ సర్టిఫికెట్లు పుట్టించినట్టు బయటపడింది. కాగితం మీద రీసైకిల్ అయిన ప్లాస్టిక్ నిజంగా ఎక్కడుందో ఆలోచిస్తేనే కోపం వస్తుంది.

సర్టిఫికెట్ కన్నా చేతికందే రూపాయి మీద నాకు నమ్మకం ఎక్కువ. తిరుమలలో ప్లాస్టిక్ నీళ్ల సీసాలను నిషేధించాక గాజు సీసాలను డిపాజిట్ తీసుకుని అమ్ముతున్నారు. సీసా తిరిగి ఇస్తే డబ్బు తిరిగి వస్తుంది కాబట్టి దాన్ని కొండ మీద పారేయాలని ఎవరికీ అనిపించదు. హిమాచల్ ప్రదేశ్ ప్రభుత్వం 2019లో, ఎవరూ కొనని ప్లాస్టిక్‌ను కిలో 75 రూపాయలకు కొనే పథకం పెట్టింది. కేరళలోని కొల్లం దగ్గర నీండకర రేవులో 2017 నుంచి మత్స్యకారులు చేపలతో పాటు వలలో పడిన ప్లాస్టిక్‌నూ ఒడ్డుకు తెచ్చారు. దాన్ని శుభ్రం చేసి, తురిమి, రోడ్ల నిర్మాణానికి పంపించారు. సముద్రంలోకి పోయాక తీయడం ఎంత కష్టమో ఆ మత్స్యకారులకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

ప్లాస్టిక్ కాలుష్యాన్ని అరికట్టే అంతర్జాతీయ ఒప్పందం కోసం 2022లో నైరోబీలో తీర్మానం చేసిన దేశాలు 2025 ఆగస్టులో జెనీవా నుంచి ఒప్పందం లేకుండానే వెనుదిరిగాయి. కొత్త ప్లాస్టిక్ ఉత్పత్తికి పరిమితి పెట్టాలా వద్దా అన్నదే ప్రధానమైన పేచీ. పరిమితిని వ్యతిరేకించిన దేశాల్లో మనదీ ఒకటి. అభివృద్ధి చెందుతున్న దేశానికి ప్లాస్టిక్ అవసరం ఉందన్న వాదనను నేను కొట్టిపారేయను. నీటి పైపులు, సెలైన్ సంచులు కావలసిందే. సాచెట్‌కు ఆ వాదన వర్తించదు. 2018లో చేర్చిన ఆ మాటలను తీసేయడానికి జెనీవా ఒప్పందం కోసం ఎదురుచూడాల్సిన పని లేదు. కేంద్ర పర్యావరణ శాఖ ఒక నోటిఫికేషన్ ఇస్తే చాలు.