గుణకారాలు తగ్గించాలన్న తాపత్రయం, దాని వెనక కథ

ఆర్‌ఎస్‌ఏ అనే రహస్యలిపి పద్ధతిలో డిక్రిప్షన్, అంటే గుప్త సందేశాన్ని విప్పడం, ఒక పెద్ద సంఖ్యకి రహస్య ఘాతం వేసి, మాడ్యులస్ అనే మరో పెద్ద సంఖ్యతో భాగిస్తే మిగిలే శేషం కనుక్కోవడమే. కానీ ఆ ఘాతం 2048 బిట్లు, ఒక్కొక్కసారే గుణించుకుంటూ పోతే యుగాలు చాలవు. అందుకే దాన్ని బైనరీలో రాసుకుని ప్రతి బిట్‌కీ వర్గం చేస్తారు, బిట్ 1 అయితే ఇంకో గుణకారం కలుపుతారు, అలా సగటున మూడు వేల పైచిలుకు గుణకారాలతో పని అయిపోతుంది.

ఈ కిటుకు మనకి కొత్తది కాదు. రెండు వేల ఏళ్ల పైమాటే, పింగళుడు ఛందశ్శాస్త్రంలో ఒక పాదంలో గురులఘువులు ఎన్ని రకాలుగా అమరుతాయో లెక్కకట్టడానికి ఇదే దారి పట్టాడు: సరిసంఖ్యయితే సగం చెయ్యి, బేసి అయితే ఒకటి తీసెయ్యి, సున్నాకి చేరాక వెనక్కి వస్తూ సగం చేసిన చోట వర్గం, ఒకటి తీసిన చోట రెట్టింపు. ఆరు అక్షరాలకి 6, 3, 2, 1, 0 అని దిగి, 1, 2, 4, 8, 64 అని ఎక్కుతాం.

1976లో డిఫీ, హెల్‌మన్‌ల కీ మార్పిడి పద్ధతి, మరుసటి ఏడాది ఆర్‌ఎస్‌ఏ వచ్చాక ఈ లెక్కకి ఒక్కసారిగా గిరాకీ పెరిగింది. 1939 నాటి బ్రావర్ ఆలోచన, అంటే కొన్ని బిట్లని గుంపుగా తీసుకుని ముందే టేబుల్ కట్టుకోవడం, మళ్లీ పనికొచ్చింది. 1985లో పీటర్ మాంట్‌గొమరీ శేషం కోసం చేసే ఖరీదైన భాగహారాన్నే తప్పించాడు. అందరి దృష్టీ ఒక్కదాని మీదే, ఎన్ని గుణకారాలు మిగిలాయని.

1996లో పాల్ కోచర్ ఆ లెక్క సరిపోదని చూపించాడు. పని ఎంతసేపు పడుతోందన్నది రహస్య బిట్లని బట్టి మారుతుంటే, టైమ్ కొలుస్తూ ఆ బిట్లనే రాబట్టొచ్చు! తర్వాత చిప్ లాగే కరెంటులో కూడా ఏది వర్గమో, ఏది గుణకారమో కనిపించింది. 2003లో బ్రమ్లీ, బోనే నెట్‌వర్క్ మీంచే, ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే ఎన్‌క్రిప్షన్ సాఫ్ట్‌వేర్ వాడే సర్వర్ రహస్య కీని లాగేశారు.

అప్పుడు 1987 నాటి మాంట్‌గొమరీ ల్యాడర్ అనే ఘాతం వేసే పద్ధతికి వేరే విలువ వచ్చింది. బిట్ ఏదైనా ఒక గుణకారం, ఒక వర్గం చేస్తుంది కాబట్టి 2048 బిట్లకి దాదాపు 4096 అవుతాయి. ఐదేసి బిట్ల స్థిర గుంపులతో అయితే 2500 దగ్గర ఆగొచ్చు, కానీ టేబుల్‌లో ఏ గడి చదివామో క్యాష్ మెమరీ (ప్రాసెసర్ ఈమధ్య చదివినవి దాచుకునే చోటు) బయటపెట్టకుండా కాపాడుకోవాలి.

పాఠ్యపుస్తకాల పోలికల్లో ఇప్పటికీ గుణకారాల సంఖ్యే ముందు చూపిస్తారు, అది సగం సమాచారమే అని నా గట్టి అభిప్రాయం. ఆ పట్టికల్లో బాగా కనిపించే స్లైడింగ్ విండో పద్ధతినే, అంటే సున్నాలని దాటేస్తూ బిట్ల గుంపులు తీసుకోవడాన్నే, లిబ్‌జీక్రిప్ట్ అనే ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ వాడింది. 2017లో పరిశోధకులు అందులో వర్గాలు, గుణకారాలు ఏ వరుసలో జరిగాయో గమనించి 1024 బిట్ల ఆర్‌ఎస్‌ఏ కీని పూర్తిగా బయటికి తీశారు, 1.7.8 వెర్షన్‌లో దాన్ని సరిచేయాల్సి వచ్చింది.