చొక్కాలో చిప్: ఆపే హక్కు ఎవరిది?

దుస్తుల్లో కుట్టే చిప్‌లు మనిషి గోప్యతకు ముప్పా అన్న పాత తగవు మళ్లీ రాజుకుంది. ఈసారి కారణం వస్తువు వివరాలను నమోదు చేసే డిజిటల్ పాస్‌పోర్టు. యూరోపియన్ యూనియన్‌లో 2024 జులైలో అమల్లోకి వచ్చిన చట్టం ప్రకారం దుస్తులు సహా అనేక ఉత్పత్తులకు దశలవారీగా ఈ పాస్‌పోర్టు రావాలి. దానికి క్యూఆర్ కోడ్ చాలు. రేడియో తరంగాలతో దూరం నుంచే చదవగలిగే ఆర్‌ఎఫ్‌ఐడీ చిప్ అయినా సరిపోతుంది. చిప్ అయితే వస్తువు అమ్ముడైన తర్వాత కూడా అది పనిచేస్తూనే ఉండాలి. మరమ్మతుకు, రీసైక్లింగ్‌కు అది మేలన్నది పరిశ్రమ వాదన.

ఈ చిప్‌ల కథను 1999లో అమెరికాలోని ఎంఐటీలో వీటిపై పరిశోధనకు ఆటో-ఐడీ సెంటర్ ఏర్పాటు నుంచి మొదలుపెట్టడం మామూలే. నేటి తగవుకు మూలం మాత్రం 2003లో ఉంది. ఆ ఏడాది మార్చిలో ఇటలీ దుస్తుల సంస్థ బెనెటన్ దుస్తుల్లో తమ చిప్‌లు అమరుస్తారని ఫిలిప్స్ ప్రకటించింది. మిల్లీమీటరు కూడా లేని చిప్, దానికో సన్నటి యాంటెన్నా. బ్యాటరీ ఉండదు. రీడర్ పంపే రేడియో తరంగాల శక్తితోనే అది మేల్కొని తన సంఖ్య చెబుతుంది. ఎవరు అడిగినా చెబుతుంది, తొడుక్కున్న మనిషికి తెలియకుండానే చెబుతుంది. కేథరిన్ ఆల్బ్రెక్ట్ నడిపిన కాస్పియన్ అనే వినియోగదారుల బృందం సరిగ్గా ఇక్కడే పట్టుకుంది, బహిష్కరణకు పిలుపునిచ్చింది. కొద్ది వారాల్లోనే బెనెటన్ వెనక్కి తగ్గింది.

ఆ నిరసన వృథా పోలేదు. 2004 డిసెంబరులో ఆమోదం పొందిన, ఈ చిప్‌లు ఎలా పనిచేయాలో నిర్దేశించే జెన్-2 ప్రమాణంలో చిప్‌ను శాశ్వతంగా నిర్వీర్యం చేసే ‘కిల్’ ఆదేశం తప్పనిసరిగా చేరింది. కానీ దాన్ని నడిపే 32 బిట్ల పాస్‌వర్డ్ కొన్నవారి చేతికి రాలేదు, అమ్మేవారి దగ్గరే ఉండిపోయింది. నా దృష్టిలో ఇప్పటి చిక్కంతా ఇందులోనే ఉంది. అమ్మకం సమయంలోనే చిప్‌లను నిర్వీర్యం చేయాలని, ఉంచాలంటే కొనేవారి సమ్మతి ఉండాలని యూరోపియన్ కమిషన్ 2009లో చెప్పింది. అయితే అది సిఫారసు మాత్రమే. పైగా ముప్పు లేదని దుకాణమే అంచనా వేసుకుంటే ఆ నియమం వర్తించదన్న వెసులుబాటు కూడా ఇచ్చింది.

చంపడం, వదిలేయడం తప్ప మూడో మార్గం లేదనడం సరికాదు. 2013లో వచ్చిన జెన్-2 రెండో కూర్పులో చిప్ సమాచారాన్ని దాచి, చదవగలిగే దూరాన్ని తగ్గించి, అవసరమైనప్పుడు తిరిగి తెరిచే ఏర్పాటు ఉంది. అంటే పాస్‌పోర్టూ నిలుస్తుంది, మనిషి గోప్యతా నిలుస్తుంది. అయితే దానికీ పాస్‌వర్డ్ కావాలి. దుస్తుల పాస్‌పోర్టు నిబంధనలు రాసేవారు ఆ పాస్‌వర్డ్‌ను బిల్లుతో పాటే కొన్నవారికి ఇచ్చి తీరాలని చట్టంలోనే చేర్చాలి. మళ్లీ సిఫారసుతో సరిపెట్టకూడదు.