క్యాన్సర్ అని పేషెంటుకు చెప్పకూడదా? అపోహలు - వాస్తవాలు

"డాక్టరుగారూ, నాన్నకు మాత్రం చెప్పకండి." క్యాన్సర్ ఓపీలో ఈ మాట వినని వారం ఉండదు. పెద్దాయన కుర్చీలో కూర్చుంటారు. వెనకాల నిలబడ్డ కొడుకు బయాప్సీ (ముక్క పరీక్ష) రిపోర్టును ఫైలు అడుగుకు తోసేసి, చెప్పవద్దని చేత్తో సైగ చేస్తాడు. ఆ అబ్బాయి మీద నాకు కోపం రాదు. రాత్రంతా కంటి మీద కునుకు ఉండి ఉండదు. నా కోపమంతా "చెప్పారంటే మనిషి దక్కడు" అని అతన్ని బెదరగొట్టిన వాళ్ల మీదే.

అపోహ: క్యాన్సర్ అని తెలిస్తే బెంగతోనే పోతారు.

వాస్తవం: తెలిస్తే ఏడుస్తారు, రెండు మూడు రోజులు అన్నం సహించదు. ఆ తర్వాత చాలామంది అడిగేది "ఇప్పుడేం చేయాలి?" అనే. దాచిపెడితే ఆ ప్రశ్న అడిగే దారే మూసుకుపోతుంది. అయినా దాగుతుందా? క్యాన్సర్ ఆసుపత్రి గేటు దాటి లోపలికి వచ్చారు, కీమో వార్డులో పక్క మంచం మీది ఆవిడకు జుట్టు లేదు. పిల్లలు బాధపడతారని పేషెంటే ఏమీ తెలియనట్టు ఉంటారు. ఒకే ఇంట్లో తండ్రి ఒక గదిలో, కొడుకు ఇంకో గదిలో ఎవరి ఏడుపు వాళ్లు ఏడుస్తారు.

అసలు దెబ్బ పడేది వైద్యం మీద. రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్ చేయించుకున్న ఒకావిడకు ఇంట్లోవాళ్లు "కొవ్వుగడ్డ" అని చెప్పారు. ఆమెది హార్మోన్ రిసెప్టర్ పాజిటివ్, అంటే ఒంట్లోని హార్మోన్ల ఊతంతో పెరిగే రకం. ఆ ఊతాన్ని అడ్డుకునే టామాక్సిఫెన్ మాత్ర కనీసం 5 ఏళ్లు రోజూ వేసుకోవాలి. ఒంట్లో ఆవిర్లు వస్తున్నాయని కొన్ని నెలలకే మానేశారు. జబ్బు ఎముకలకు పాకాక మా దగ్గరకు వచ్చారు. "గడ్డ తీసేశారు కదమ్మా, ఇంకా మాత్రలెందుకని ఆపేశాను" అన్నారు. ఆమె తప్పేముంది? కొవ్వుగడ్డకు ఐదేళ్లు మందు ఎవరు మింగుతారు? మాత్ర మానకపోయినా కొందరికి జబ్బు తిరగబెడుతుంది, నిజమే. కానీ సంగతి తెలిసి ఉంటే ఆవిర్లను ఓర్చుకోవాలో వద్దో ఆమే తేల్చుకునేవారు.

నిజం చెబితే ఏమవుతుందోనన్న ఈ భయం ఒకప్పుడు డాక్టర్లకూ ఉండేది. 1961లో అమెరికాలో జరిగిన ఒక సర్వేలో 90 శాతం డాక్టర్లు క్యాన్సర్ సంగతి పేషెంటుకు చెప్పబోమన్నారు. 1979లో మళ్లీ అడిగితే 97 శాతం చెబుతామన్నారు. మన దగ్గర 2002 నాటి వైద్య మండలి నిబంధనలు జబ్బు తీవ్రతను పెంచీ చెప్పవద్దు, తగ్గించీ చెప్పవద్దు అంటున్నాయి. 2008లో సుప్రీంకోర్టు ఒక కేసులో, మత్తులో ఉన్న పేషెంటు తరఫున తల్లి ఇచ్చిన సమ్మతి చెల్లదని తీర్పు చెప్పింది. ప్రాణం మీదికి వచ్చిన సందర్భం కాదు కాబట్టి, ఆమెకు మెలకువ వచ్చేదాకా ఆగి ఉండాల్సిందని చెప్పింది. అలాంటప్పుడు ఏ జబ్బుకో చెప్పకుండా కీమో కాగితం మీద సంతకం పెట్టించుకుంటే అది సమ్మతి ఎలా అవుతుంది?

నిజం చెప్పడమంటే ఒక్కసారిగా మీద పడేయడం కాదు. "మీ జబ్బు గురించి మీకు ఎంతవరకు తెలుసుకోవాలని ఉంది?" అని ముందు పేషెంటునే అడుగుతాను. "నాకెందుకమ్మా, మా అబ్బాయితో మాట్లాడండి" అనేవాళ్లూ ఉన్నారు. ఆ మాట వాళ్ల నోటి నుంచి వస్తే సరే, అలాగే చేస్తాను. కొడుకు సైగతో మాత్రం కాదు.

అపోహ: నిజాయతీ ఉన్న డాక్టరైతే పేషెంటు ఇంకా ఎన్ని నెలలు బతుకుతారో కచ్చితంగా చెప్పాలి.

వాస్తవం: అంత కచ్చితంగా ఎవరికీ తెలియదు. నెలలా, ఏళ్లా అని అంచనా మాత్రం చెప్పగలం.

అపోహ: బయాప్సీ చేస్తే క్యాన్సర్ పాకిపోతుంది.

వాస్తవం: ఈ పుకారు నమ్మి నెలలు పోగొట్టుకోకండి. ఏ రకమో తేలనిదే సరైన వైద్యం మొదలుకాదు.

అపోహ: రిఫర్ చేసిన డాక్టరుకు కమీషన్ ఇవ్వడం మామూలే.

వాస్తవం: పైన చెప్పిన వైద్య మండలి నిబంధనల ప్రకారం ఇవ్వడం, తీసుకోవడం రెండూ నిషిద్ధం. తీసుకునేవాళ్లు ఉన్నంత మాత్రాన అది మామూలు అయిపోదు.

అపోహ: ఇంకో డాక్టరు అభిప్రాయం అడిగితే మాకు కోపం వస్తుంది.

వాస్తవం: నిక్షేపంగా వెళ్లండి. అడిగిన 72 గంటల్లోగా రికార్డులు ఇవ్వాలని నిబంధన ఉంది. రిపోర్టు కాగితం ఒక్కటే చాలదు, బయాప్సీ స్లైడ్లు, బ్లాకులు (మైనంలో భద్రపరిచిన ముక్కలు) కూడా ల్యాబులో అడిగి తీసుకెళ్లండి.