పాత రైఫిల్‌లో కొత్త తూటా

మౌజర్ (పాత జర్మన్ సైనిక రైఫిల్) అంటే ఉక్కుపిండం, ఏ తూటా అయినా తట్టుకుంటుందని ఒక నమ్మకం. ముందు లెక్క చూడండి. .308 విన్‌చెస్టర్ అనే తూటాకు అమెరికా పరిశ్రమ ప్రమాణం అనుమతించే గరిష్ఠ పీడనం చదరపు అంగుళానికి 62,000 పౌండ్లు. తూటా అడుగు వ్యాసం 0.47 అంగుళాలు. అంటే బోల్టును (తూటాను వెనక నుంచి మూసి పట్టే కడ్డీని) వెనక్కి తోసే బలం ఐదు టన్నుల దరిదాపుల్లోకి పోవచ్చు. తూటా ఇత్తడి గొట్టం ఉబ్బి చాంబర్ (తూటా కూర్చునే గది) గోడను కరుచుకుని అందులో కొంత మోస్తుంది. చాంబర్‌లో నూనె మిగిలితే ఆ పట్టు జారి, భారమంతా బోల్టు లగ్గుల (బోల్టును బిగించి పట్టే బుడిపెల) మీదికే వస్తుంది.

ఆ భారానికి ఉక్కు రెండు రకాలుగా లొంగుతుంది. పెళుసుదైతే పగులుతుంది. అమెరికా సైన్యం వాడిన స్ప్రింగ్‌ఫీల్డ్ 1903 రైఫిళ్లలో స్ప్రింగ్‌ఫీల్డ్ ఆర్మరీ చేసిన 8,00,000 లోపు నంబర్లవి ఈ కోవవే. కొలిమిలో లోహం వేడిని పనివాళ్లు రంగు చూసి కంటితోనే అంచనా కట్టేవారు. ఎండ బాగా ఉన్న రోజు ఎరుపు మసకగా కనిపిస్తుంది, ఇంకా కాలలేదనుకుని మరింత కాల్చేసేవారు. అలా మాడిన రిసీవర్లు (బోల్టును పట్టి ఉంచే రైఫిల్ చట్రాలు) సుత్తి దెబ్బకే ముక్కలయ్యేవి. 1918లో పద్ధతి మార్చారు. మాడిన ఉక్కుకు మళ్లీ హీట్ ట్రీట్‌మెంట్ చేయించడం డబ్బు దండగ. వాటిని గోడకు తగిలించుకోవడమే మేలు.

మెత్తని ఉక్కు పగలదు, నొక్కుకుపోతుంది. 1893 మోడల్ మౌజర్లలో ఇది చూస్తాం: లగ్గులు ఆనే చోట గుంటపడి, హెడ్‌స్పేస్ (మూసిన బోల్టు ముఖానికీ, చాంబర్‌లో తూటా ఆగే చోటుకీ మధ్య దూరం) కొంచెం కొంచెంగా పెరుగుతుంది. 1898 మోడల్లో ఉన్న మూడో లగ్గు వీటికి లేదు. గొట్టం చిట్లితే వాయువును కంటికి దూరంగా మళ్లించే ఏర్పాటూ అంతంతే. వీటిలో వాడే 7×57 తూటాకు అదే ప్రమాణం 51,000 పౌండ్ల దగ్గర ఆగడానికి ఈ పాత రైఫిళ్లే కారణం. వీటిని .308కి మార్చినవి దొరుకుతాయి. చాంబర్‌లో పట్టినంత మాత్రాన సరిపోయినట్టు కాదు.

హెడ్‌స్పేస్ కొలవడానికి బోల్టులోంచి ఫైరింగ్ పిన్ (తూటాను పేల్చే సూది), ఎక్స్‌ట్రాక్టర్ (గొట్టాన్ని బయటికి లాగే కొక్కెం) తీసేసి, చాంబర్‌లో గేజ్ (కచ్చితమైన పొడవున్న కొలత ముక్క) పెట్టి, పిడిని వేలి బలంతోనే దించాలి. 'గో' గేజ్ మీద బోల్టు మూయాలి, 'నో-గో' మీద మూయకూడదు. 'ఫీల్డ్' గేజ్ మీద కూడా మూసుకుంటే ఆ రైఫిల్ కాల్చకూడదు. .30-06 తూటాకి ఈ మూడూ 1.940, 1.946, 1.950 అంగుళాలు. మొత్తం తేడా అంగుళంలో వందో వంతు.

ట్రిగ్గర్‌కు తాడు కట్టి దూరం నుంచి ఒక బలమైన తూటా కాల్చి "పాస్" అనుకోవడం పరీక్ష కాదు. పెళుసు రిసీవర్ ఆ దెబ్బ తట్టుకుని, ఆపై మామూలు తూటాకు పగలొచ్చు.

కాల్చిన గొట్టాన్ని మాత్రం పారేయకండి. సన్నని తీగ కొస వంచి లోపల అడుగు నుంచి పైకి గీయండి. అడుగుకు కాస్త పైన తీగ ఒక గాడిలో తట్టుకుంటే, గొట్టం అక్కడ తెగడానికి సిద్ధంగా ఉంది.