బర్డ్ ఫ్లూ ముదిరేది షెడ్డులోనే

1983 ఏప్రిల్‌లో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో లేయర్ కోళ్లకు ఒక ఫ్లూ సోకింది. కాస్త గురక, కొంచెం నీరసం, గుడ్ల దిగుబడి తగ్గడం, అక్కడక్కడా కొన్ని చావులు. ఫారాలు మాత్రం నడుస్తూనే ఉన్నాయి. అది హెచ్5ఎన్2 రకమని తేలింది. అక్టోబరు వచ్చేసరికి అదే వైరస్ సోకిన షెడ్లలో 80 శాతానికి పైగా కోళ్లు చచ్చిపోసాగాయి. ఆ మహమ్మారిని అదుపు చేయడానికి దాదాపు 1.7 కోట్ల కోళ్లు పోయాయి. కొత్త వైరస్ ఏదీ బయటి నుంచి రాలేదు. ఆరు నెలలు అక్కడి కోళ్లలో తిరిగిన వైరసే మారిపోయింది.

ఏం మారిందో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది, అంత చిన్న మార్పు అది. ఫ్లూ వైరస్ పైపొరలో హిమాగ్లుటినిన్ అనే ప్రొటీన్ ఉంటుంది. హెచ్5, హెచ్7 అన్నప్పుడు ఆ ‘హెచ్’ ఇదే. ఈ ప్రొటీన్ ఒక నిర్ణీత చోట తెగి రెండు ముక్కలైతేనే వైరస్ కణంలోకి చొరబడగలదు. కోసే కత్తెర వైరస్ దగ్గర ఉండదు, కోడి ఒంట్లోని ఎంజైమ్‌లే ఆ పని చేసిపెట్టాలి. మామూలు రకం వైరస్‌లో కోత పడే చోట సాధారణంగా ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లం (ప్రొటీన్‌ను కూర్చే ఇటుకల్లో ఒకటి) ఒక్కటే ఉంటుంది. దాన్ని కోయగల ఎంజైమ్‌లు ముఖ్యంగా శ్వాసనాళంలో, పేగుల్లో ఉంటాయి. అందుకే జబ్బు అక్కడితో ఆగిపోతుంది.

ఆ ఒక్క ఆర్జినిన్ ఉన్నచోట ఆర్జినిన్లు, లైసిన్లు (ఇదీ ఒక అమైనో ఆమ్లమే) వరసగా చేరాయనుకోండి, అప్పుడు ఫ్యూరిన్ అనే ఎంజైమ్ కూడా దాన్ని కోసేయగలదు. ఫ్యూరిన్ దాదాపు ప్రతి కణంలోనూ ఉంటుంది. ఇక వైరస్‌కు మెదడు, గుండె, రక్తనాళాలు అన్నీ తెరిచినట్టే. తల మీది తురాయి నీలంగా మారడం, తల ఉబ్బడం, కాళ్ల మీద ఎర్రటి రక్తపు మచ్చలు, ఏ లక్షణమూ కనిపించకుండానే పొద్దున్నకల్లా కుప్పలుగా పడి ఉండే కోళ్లు: వీటన్నిటికీ మూలం ఆ నాలుగైదు అమైనో ఆమ్లాలే.

అవి ఎలా వచ్చి చేరతాయి? ఫ్లూ వైరస్ జన్యువు ఆర్‌ఎన్‌ఏ, అంటే ఎ, జి, సి, యు అనే నాలుగు రసాయన అక్షరాల వరస. మూడేసి అక్షరాలు ఒక్కో అమైనో ఆమ్లానికి గుర్తు. దాన్ని నకలు తీసే ఎంజైమ్ తప్పులు దిద్దుకోదు. ఎ, జి అక్షరాలే వరసగా వచ్చేచోట అది కొన్నిసార్లు జారి, రాసిందే మళ్లీ రాస్తుంది. ఎఎఎ అంటే లైసిన్, ఎజిఎ అంటే ఆర్జినిన్. కాబట్టి ఆ చోట నత్తి పడితే చేరేవి చాలావరకు ఫ్యూరిన్‌కు కావలసిన అమైనో ఆమ్లాలే. ఇంకో దారీ ఉంది. 2002లో చిలీలో హెచ్7ఎన్3 వైరస్ తన మరో జన్యువు నుంచే 30 అక్షరాల ముక్కను తెచ్చి ఇక్కడ అతికించుకుంది. 2012లో మెక్సికోలోనైతే కోడి ఆర్‌ఎన్‌ఏలోని ముక్కనే లాక్కుంది! పెన్సిల్వేనియా కథ మరీ విచిత్రం. వైరస్ శాస్త్రవేత్తలు కవావోకా, వెబ్‌స్టర్ల బృందం పరిశీలిస్తే, ఏప్రిల్ వైరస్‌లోనే ప్రమాదకరమైన వరస సిద్ధంగా ఉంది. ప్రొటీన్‌కు అతుక్కుని ఉన్న ఒక చక్కెర అణువుల గొలుసు దాన్ని కప్పి ఉంచింది. ఒక మ్యుటేషన్‌తో (జన్యు మార్పుతో) ఆ గొలుసు ఊడిపోయింది.

సహజంగా ఇలా ముదిరినవి ఇప్పటిదాకా హెచ్5, హెచ్7 రకాలే. 1959 నుంచి జరిగిన ఇలాంటి మార్పులను పరిశోధకులు లెక్కకడితే 39 తేలాయి. అందులో 37 వాణిజ్య కోళ్ల పెంపకంలో జరిగినవే. కారణం ఊహించడం కష్టం కాదు. అడవి బాతును వెంటనే చంపేసే వైరస్ దానితోపాటే ఆగిపోవచ్చు. బాతు ఎగరాలి, ఇంకో చెరువులో రెట్ట వేయాలి. షెడ్డులో ఆ అవసరం లేదు. ఒకే జాతి, ఒకే వయసు కోళ్లు వేలకొద్దీ పక్కపక్కనే ఉంటాయి. ఒక కోడి చచ్చేలోపే పక్క కోడికి అంటుకుంటుంది. అందుకే తప్పంతా వలస పక్షుల మీదకు నెట్టేయడం నాకు అన్యాయంగా కనిపిస్తుంది.

అయితే ఒకసారి ముదిరిన వైరస్ తిరిగి అడవి పక్షుల్లోకి వెళ్తే కథ మారిపోతుంది. ఇప్పుడు ప్రపంచమంతా తిరుగుతున్న హెచ్5ఎన్1 వంశం మొదట కనిపించింది 1996లో, చైనాలోని గ్వాంగ్‌డాంగ్‌లో, గూస్ అనే పెంపుడు పెద్ద బాతుల్లో. మరుసటి ఏడాది హాంకాంగ్‌లో 18 మందికి సోకి ఆరుగురిని బలి తీసుకుంది. 2005లో చైనాలోని చింగ్‌హై సరస్సు దగ్గర వేలాది అడవి పక్షులు చనిపోయాయి. 2006లో మహారాష్ట్రలోని నవాపూర్‌కు చేరింది. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల ఫారాల్లో కోళ్లు చనిపోయినప్పుడు తేలిందీ హెచ్5ఎన్1నే. ఇక్కడ ఆరు నెలల గడువేమీ లేదు, వైరస్ ముదిరే వచ్చింది.

మెత్తగా ఉన్నంత మాత్రాన వైరస్‌ను వదిలేయకూడదని 2013లో చైనాలో హెచ్7ఎన్9 చూపించింది. అది కోళ్లకు దాదాపు ఏమీ చేయలేదు కాబట్టి బతికున్న కోళ్లు అమ్మే మార్కెట్లలో ఎవరి కంటా పడకుండా తిరిగింది. మనుషులకు మాత్రం ప్రాణాంతకమైంది. 2017 నాటికి అది కోళ్లలోనూ ముదిరింది. ఆ ఏడాదే చైనా కోళ్లకు పెద్దఎత్తున టీకాలు వేయించాక మనుషుల్లో కేసులు ఒక్కసారిగా పడిపోయాయి. చావులు మొదలయ్యాక నమూనాలు ల్యాబ్‌కు పంపడం ఎలాగూ జరుగుతుంది. గుడ్లు తగ్గి, కోళ్లు కాస్త గురక పెడుతున్న షెడ్డు నుంచి కూడా పంపాలి. హెచ్5 గానీ హెచ్7 గానీ ఇంకా మెత్తగా ఉండగా దొరికేది అక్కడే.