అబిసీనియాను ముస్సోలినీ ఒక్కడే మింగలేదు

1935 అక్టోబర్ 3 తెల్లవారుజామున ఇటలీ సైన్యం తన వలస ఎరిత్రియా వైపు నుంచి మారెబ్ నది దాటి ఇథియోపియాలోకి చొరబడింది. ముందుగా యుద్ధం ప్రకటించడం లాంటివేమీ లేవు. మూడు రోజుల్లో ఆడ్వా పట్టణం ఇటలీ వశమైంది. ఇటలీ పాలకులకు అది పాత పగ. 1896 మార్చి 1న మెనెలిక్ చక్రవర్తి సేనలు అక్కడే ఇటలీని చిత్తుగా ఓడించాయి. ఆఫ్రికా మొత్తాన్నీ యూరప్ దేశాలు పంచుకుంటున్న రోజుల్లో అప్పట్లో అబిసీనియా అని పిలిచే ఆ దేశం తన రాజు, తన జెండాతో నిలబడింది. ఆ ఓటమిని మర్చిపోలేని ఇటలీకి నలభై ఏళ్ల తర్వాత నియంత ముస్సోలినీ దొరికాడు.

మన పాఠ్యపుస్తకాల్లో ఈ ఘట్టం రెండు వాక్యాల్లో ముగిసిపోతుంది. ముస్సోలినీ దాడి చేశాడు, ఐక్యరాజ్యసమితికి ముందున్న నానాజాతి సమితి చేతులెత్తేసింది, అంతే. నాకు అది సగం కథే అనిపిస్తుంది. ఆ దాడిని ఆపగలిగే తాళాలు బ్రిటన్, ఫ్రాన్స్ చేతుల్లోనే ఉన్నాయి. వాళ్లు వాటిని ఎందుకు వాడలేదో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

1906లోనే బ్రిటన్, ఫ్రాన్స్, ఇటలీ కూర్చుని అబిసీనియాలో ఎవరి ప్రయోజనాలు ఎక్కడో గీతలు గీసుకున్నాయి. అంటే ఇటలీకి అక్కడ వాటా ఉందని మిగతా రెండూ ముప్పై ఏళ్ల ముందే ఒప్పుకున్నాయి. మొదటి ప్రపంచ యుద్ధంలోకి ఇటలీని లాగడానికి 1915లో లండన్‌లో రహస్య ఒప్పందం చేసుకుని భూముల ఆశ చూపారు. యుద్ధం గెలిచాక జర్మనీ వలసల్ని తాము పంచుకుని ఇటలీకి చిల్లర విదిల్చారు. గెలిచినా మోసపోయామన్న కోపం ఇటలీలో రగిలింది. ముస్సోలినీ వెనక నడిచిన ఫాసిస్టులు దాన్నే పెట్టుబడిగా చేసుకున్నారు. 1922 అక్టోబర్‌లో వాళ్ల నల్లచొక్కాల దండు రోమ్ మీదికి కదిలితే రాజు ముస్సోలినీని పిలిచి ప్రధాని పదవి అప్పగించాడు. 1924లో మాటియోటీ అనే సోషలిస్టు సభ్యుడు ఎన్నికల అక్రమాలను పార్లమెంటులో ఎండగట్టాడు. రోజుల వ్యవధిలోనే అతన్ని ఎత్తుకెళ్లి చంపేశారు. 1926 ముగిసేసరికి ఇటలీలో ప్రతిపక్షమన్నదే మిగల్లేదు.

1923లో ఇథియోపియా నానాజాతి సమితిలో చేరింది. ఇటలీ కూడా మద్దతిచ్చింది. 1928లో రెండు దేశాలూ ఇరవై ఏళ్ల స్నేహ ఒప్పందం మీద సంతకాలు చేశాయి. 1930లో పట్టాభిషేకం చేసుకున్న హైలే సెలాసీ చక్రవర్తి సమితి సభ్యత్వాన్నే తన దేశానికి రక్షణ కవచం అనుకున్నాడు. బానిసత్వం ఇంకా పూర్తిగా పోని, భూస్వాముల పెత్తనం కింద నలిగిన రాజ్యం అది. ఆ మాట దాచనక్కర్లేదు. ఇటలీ ప్రచారమంతా దాని మీదే నడిచింది. కానీ బానిసల విముక్తి పేరు చెప్పి వచ్చినవాళ్లు ఏం చేశారో ముందుముందు చూద్దాం.

ఈలోగా ప్రపంచం తలకిందులైంది. 1929 ఆర్థిక మాంద్యంలో బ్యాంకులు కూలాయి, కోట్ల మంది రోడ్డున పడ్డారు. 1931లో జపాన్ మంచూరియాను ఆక్రమించింది. సమితి విచారణ సంఘం తప్పు పడితే జపాన్ సమితినే వదిలి వెళ్లిపోయింది, మంచూరియాను మాత్రం వదల్లేదు. 1933 జనవరిలో హిట్లర్ గద్దెనెక్కాడు, అదే ఏడాది అక్టోబర్‌లో జర్మనీ కూడా సమితి నుంచి బయటికొచ్చేసింది. బలవంతుడు సమితిని కాదని వెళ్లిపోతే అడిగేవాడు లేడని ముస్సోలినీకి అర్థమైంది.

హిట్లర్ రాకే అబిసీనియాకు శాపమైంది. 1934 జులైలో ఆస్ట్రియా చాన్సలర్ డాల్‌ఫస్‌ను నాజీలు కాల్చి చంపినప్పుడు ముస్సోలినీ ఆస్ట్రియా సరిహద్దులోని బ్రెన్నర్ కనుమకు సైన్యాన్ని పంపి హిట్లర్‌కు అడ్డు నిలిచాడు. అప్పట్లో ఈ నియంతలిద్దరికీ పడేది కాదు. ఎంతగానంటే, ఇటలీ ఆఫ్రికాలో ఇరుక్కుపోవాలని జర్మనీ ఇథియోపియాకు గుట్టుగా ఆయుధాలు కూడా అమ్మింది. దాంతో ఫ్రాన్స్‌కు, బ్రిటన్‌కు ముస్సోలినీ కావలసినవాడయ్యాడు. 1935 జనవరిలో ఫ్రాన్స్ విదేశాంగ మంత్రి లావాల్ రోమ్ వెళ్లి, జిబూటీ నుంచి అడిస్ అబాబా వెళ్లే రైల్వేలో వాటాలతో పాటు అబిసీనియాలో ఆర్థికంగా ఇష్టమొచ్చినట్టు చేసుకునే వీలు కూడా ఇచ్చొచ్చాడు. ఏప్రిల్‌లో ఇటలీలోని స్ట్రెసాలో ఈ మూడు దేశాల నేతలు కలిసి హిట్లర్‌కు వ్యతిరేకంగా ప్రకటన చేశారు. ఇటలీ సైనికులు అప్పటికే ఓడల్లో ఆఫ్రికా బాట పట్టారు. ఆ బల్ల దగ్గర ఎవరూ ఆ సంగతి గట్టిగా అడగలేదు.

యుద్ధానికి సాకు వాల్ వాల్ బావుల దగ్గర దొరికింది. ఎండిపోయిన ఒగాడెన్ ప్రాంతంలో పశువులకు నీళ్లు దొరికే చోటు అది. ఇథియోపియా భూభాగంలోనే ఉన్నా ఇటలీ అక్కడ తిష్ట వేసింది. 1934 డిసెంబర్ 5న కాల్పులు జరిగాయి. ఇటలీ క్షమాపణ, నష్టపరిహారం అడిగితే ఇథియోపియా మధ్యవర్తిత్వం కోరుతూ సమితిని ఆశ్రయించింది. సమితి నెలల తరబడి నానబెట్టింది. పైగా బ్రిటన్ ఇద్దరికీ ఆయుధాలు అమ్మబోమంది. ఇటలీకి సొంత ఫ్యాక్టరీలున్నాయి. దెబ్బ తగిలింది ఇథియోపియాకే.

దాడి మొదలయ్యాక సమితి ఇటలీని దురాక్రమణదారుగా తేల్చింది. సుమారు 50 దేశాలు ఆంక్షలకు ఒప్పుకున్నాయి. నవంబర్ 18 నుంచి ఇటలీకి అప్పులు, ఆయుధాలు బంద్, అక్కడి సరుకులు కొనడమూ బంద్. ట్యాంకులు, లారీలు, విమానాలు నడిచే పెట్రోల్‌ను మాత్రం జాబితాలో చేర్చలేదు. బొగ్గూ చేర్చలేదు, ఉక్కూ చేర్చలేదు. ఆయిల్ ఆపి ఉంటే వారంలో అబిసీనియా నుంచి వెనక్కి రావాల్సి వచ్చేదని ముస్సోలినీయే తర్వాత హిట్లర్‌తో అన్నట్టు హిట్లర్ దుభాషి పాల్ ష్మిట్ తన జ్ఞాపకాల్లో రాశాడు.

ఇక సూయెజ్ కాలువ. ఇటలీ నుంచి వచ్చిన సైన్యం, ఫిరంగులు, విషవాయువు డబ్బాలు అన్నీ దాని గుండానే ఎర్ర సముద్రంలోకి వచ్చాయి. కాలువ కంపెనీలో పెద్ద వాటాదారు బ్రిటన్, పక్కనే బ్రిటన్ సైన్యం. కాలువ అన్ని దేశాల ఓడలకూ తెరిచే ఉండాలన్న 1888 ఒప్పందాన్ని చూపించి దాన్ని మూయలేదు. ఇటలీ సుంకం కట్టింది, ఓడలు దాటాయి. అసలు భయం వేరు. కాలువ మూస్తే ఇటలీ యుద్ధానికి దిగుతుంది, మధ్యధరా సముద్రంలో తమ నౌకలు దెబ్బతింటాయి, అదను చూసి తూర్పున జపాన్ తమ వలసల మీద పడుతుంది. తన సామ్రాజ్యం క్షేమం కోసం బ్రిటన్ ఇంకొకరి దేశాన్ని బలిపెట్టింది. ఇంతకంటే మెత్తగా చెప్పడం నాకు చేతకాదు.

నవంబర్ 14న సమితికి అండగా ఉంటామని చెప్పి బ్రిటన్‌లో పాలకపక్షం ఎన్నికలు గెలిచింది. నెల తిరక్కుండానే ఆ దేశ విదేశాంగ మంత్రి హోర్, లావాల్ కలిసి పారిస్‌లో ఒక పథకం రాశారు. అబిసీనియాలో పెద్ద భాగం ఇటలీకి పోతుంది, బదులుగా ఇథియోపియాకు సముద్రం దాకా ఒక సన్నని దారి దక్కుతుంది. ‘ఒంటెల దారి’ అని లండన్ టైమ్స్ పత్రిక ఈసడించింది. పథకం పారిస్ పత్రికల్లో బయటపడేసరికి బ్రిటన్ జనం మండిపడ్డారు, హోర్ రాజీనామా చేశాడు. విధానం మాత్రం మారలేదు.

అక్కడ యుద్ధభూమిలో పరిస్థితి వేరు. 1925లో జెనీవాలో విషవాయువు వాడబోమని సంతకం పెట్టిన ఇటలీ, డిసెంబర్ నుంచి మస్టర్డ్ గ్యాస్ కుమ్మరించింది. మొదట బాంబుల్లో, ఆ తర్వాత విమానాల నుంచి పురుగుమందులా నేరుగా చల్లారు. తొమ్మిదేసి, పదిహేనేసి విమానాలు ఒకదాని వెనుక ఒకటి వచ్చి మంచుతెరలా కమ్మేసేవని, సైనికులు, ఆడవాళ్లు, పిల్లలు, పశువులు, చెరువులు, పచ్చిక బయళ్లు ఆ వానలో తడిశాయని హైలే సెలాసీ తర్వాత జెనీవాలో సమితి ముందు చెప్పాడు. చెప్పుల్లేని కాళ్లతో ఆ గడ్డి మీద నడిచినవాళ్ల పాదాలు బొబ్బలెక్కాయి. ఆ నీళ్లు తాగినవాళ్లు నరకం చూసి చచ్చిపోయారు. మెల్కా దిదాలో స్వీడన్ రెడ్‌క్రాస్ ఆసుపత్రి మీద కూడా బాంబులు వేశారు.

1936 మార్చి 31న మైచెవ్ యుద్ధంలో చక్రవర్తి సేన ఓడిపోయింది. మే 5న ఇటలీ సైన్యం అడిస్ అబాబా చేరింది. యూరప్ చూపంతా అప్పటికి వేరే చోట ఉంది. ఈ గొడవ సందులోనే మార్చి 7న హిట్లర్, సైన్యం ఉండకూడదని ఒప్పందమున్న జర్మనీ పడమటి ప్రాంతం రైన్‌లాండ్‌లోకి సైన్యాన్ని పంపాడు.

జూన్ 30న హైలే సెలాసీ సమితి వేదిక ఎక్కాడు. నోరు తెరవకముందే పత్రికా గ్యాలరీలోంచి ఇటలీ విలేకరులు ఈలలు, బూతులతో హోరెత్తించారు. వాళ్లను బయటికి గెంటాక ఆయన అమ్హారిక్‌లో మాట్లాడాడు. కొద్ది రోజులకే సమితి ఆంక్షలు ఎత్తేసింది. పోరాడటానికి అప్పు ఇప్పించమని ఇథియోపియా అడిగితే 23 దేశాలు కాదన్నాయి, 25 తటస్థంగా ఉండిపోయాయి. అనుకూలంగా పడిన ఓటు ఒక్కటే, అది ఇథియోపియాదే.

మన దేశంలో ఈ యుద్ధాన్ని పరాయి గొడవ అనుకోలేదు. 1936 మార్చిలో యూరప్ నుంచి తిరిగొస్తూ నెహ్రూ రోమ్‌లో దిగితే, ముస్సోలినీని కలవమని ఎంత ఒత్తిడి చేసినా వెళ్లలేదు. మే 9న కాంగ్రెస్ అబిసీనియా దినం జరిపింది. సరిగ్గా అదే రోజు రోమ్‌లో ముస్సోలినీ సామ్రాజ్యం ఏర్పడిందని చాటాడు. రెండో ప్రపంచ యుద్ధంలో, 1941లో ఎరిత్రియాలోని కెరెన్ కొండల మీద ఇటలీ రక్షణను బద్దలుకొట్టిన వాళ్లలో బ్రిటన్ తరఫున పోరాడిన 4వ, 5వ భారత డివిజన్ల సైనికులున్నారు. ఆ ఏడాది మే 5న చక్రవర్తి రాజధానికి తిరిగొచ్చాడు.

మధ్యలోని అయిదేళ్ల లెక్క ఇంకా తేలలేదు. 1937 ఫిబ్రవరి 19న ఇటలీ వైస్రాయ్ గ్రాజియానీపై బాంబు దాడి జరిగింది. ప్రతీకారంగా అడిస్ అబాబాలో మూడు రోజులు ఊచకోత సాగింది. చనిపోయినవారు 30,000 మంది అని ఇథియోపియా చెప్పింది. మే నెలలో దెబ్రె లిబనోస్ మఠంలో వందల మంది సన్యాసుల్ని వరసగా నిలబెట్టి కాల్చేశారు. ప్రపంచ యుద్ధం ముగిశాక ఇథియోపియా ఈ నేరాలకు విచారణ కోరింది. ఒక్కర్నీ అప్పగించలేదు. 1950లో ఇటలీ సైనిక న్యాయస్థానం గ్రాజియానీకి 19 ఏళ్ల జైలు వేసింది, అదీ జర్మన్లతో చేతులు కలిపినందుకు. కొద్ది నెలలకే బయటికొచ్చేశాడు. విషవాయువు వాడామని ఇటలీ రక్షణ శాఖ ఒప్పుకోవడానికి 1996 దాకా పట్టింది. 2012లో రోమ్ దగ్గర్లోని అఫిలే అనే ఊళ్లో గ్రాజియానీకి ప్రజల సొమ్ముతో స్మారకం కట్టారు.