నీడ పోయిన వాగులో ట్రౌట్ ఎందుకు బతకదు?

ట్రౌట్, సాల్మన్ లాంటి చల్లనీటి చేపల ఒంటి వేడి నీటిని బట్టే ఉంటుంది. నీరు వేడెక్కితే వాటికి రెండు వైపుల నుంచీ దెబ్బ. ఒంటికి ఆక్సిజన్ ఎక్కువ కావాలి, నీటిలో చూస్తే అదే తగ్గిపోతుంది. 10 డిగ్రీల సెల్సియస్ దగ్గర లీటరు నీటిలో 11 మిల్లీగ్రాములకు పైగా కరిగే ఆక్సిజన్, 25 డిగ్రీలకు 8 చిల్లరకు పడిపోతుంది. కెనడాలో ఎఫ్.ఇ.జె. ఫ్రై లాంటి శాస్త్రవేత్తలు 1940లలోనే చేప చురుకుదనానికీ నీటి వేడికీ ఉన్న లంకెను లెక్కగట్టారు.

కానీ వాగు వేడెక్కడంలో మన చెయ్యి ఎంత ఉందో తేలింది అమెరికాలోని ఒరెగాన్ తీరంలో. అక్కడి ఆల్సీ నది ప్రాంతంలో 1959 నుంచి మూడు చిన్న వాగులను గమనించడం మొదలుపెట్టారు. ఫ్లిన్ క్రీక్ చుట్టూ అడవిని ముట్టుకోలేదు. డీర్ క్రీక్ దగ్గర అక్కడక్కడా నరికి, గట్టు వెంట చెట్లూ పొదలూ ఉంచేశారు. నీడిల్ బ్రాంచ్ దగ్గర మాత్రం 1966లో గట్టుదాకా మొత్తం నరికేశారు. అంతకుముందు ఏడాది మొత్తంలో 14 డిగ్రీలు దాటని ఆ వాగు, మరుసటి వేసవిలో 29 డిగ్రీలకు చేరింది. కట్‌త్రోట్ ట్రౌట్ సంఖ్య బాగా పడిపోయింది. గట్టున చెట్లు మిగిల్చిన డీర్ క్రీక్‌లో నరికివేత వల్ల నీరు వేడెక్కిన జాడే కనిపించలేదు. చేపల గురించి పట్టించుకునేవాళ్లు మరిచిపోకూడని ఫలితం ఇది. నీడ ఉంటే చాలు, అదే ఎండలో అదే వాగు చల్లగా ఉంటుంది.

1971లో ఒరెగాన్ అటవీ పనులకు నిబంధనలు పెడుతూ చట్టం తెచ్చింది. అమెరికాలో అలాంటి చట్టం అదే మొదటిది.

ఆనకట్టలది ఇంకో కథ. కాలిఫోర్నియాలో 1940లలో కట్టిన షాస్టా డ్యామ్, శీతాకాలపు చినూక్ సాల్మన్‌ను (శీతాకాలంలో సముద్రం నుంచి నదిలోకి ఎక్కి, వేసవిలో గుడ్లు పెట్టే రకం) అది గుడ్లు పెట్టే చల్లని ఊటనీటి ఏళ్లకు దూరం చేసింది. ఇప్పుడది నడివేసవిలో డ్యామ్ దిగువనే గుడ్లు పెట్టాల్సి వస్తోంది. జలాశయం లోతుల్లోని చల్లని నీటిని ఎంచి వదిలే ఏర్పాటు 1997లో గానీ పూర్తికాలేదు. కరువు ఏళ్లలో ఆ చల్లని నీరూ చాలదు.

బుల్ ట్రౌట్ పరిస్థితి మరీ ఇరుకు. నీరు 9 డిగ్రీల కిందికి దిగితేనే అది గుడ్లు పెట్టేది. 1999లో అమెరికాలో దాన్ని ముప్పులో ఉన్న జాతిగా గుర్తించారు. కింద నీరు వేడెక్కుతుంటే పైవాగులకు ఎక్కాలి. ఎక్కే దారిలో రోడ్డు కింద ఎత్తుగా పెట్టిన తూము ఒక్కటున్నా అక్కడితో ఆగిపోతుంది. అందుకే గట్టున మొక్కలు నాటడంతో పాటు ఆ తూములు మార్చడాన్నీ నేను అంతే ముఖ్యంగా చూస్తాను. మొక్క నీడనివ్వడానికి ఏళ్లు పడుతుంది, తూము మార్చడం ఒక్క వేసవి పని.